శుక్రవారం నేను లేని గని

1955లో నేను కడప జిల్లాలో ఒక రాతినార గనికి మేనేజరుగా ఉండేవాణ్ని. రాతినార అంటే ఆస్‌బెస్టాస్. మాది కోడుమూరు పక్క పల్లె, వానను నమ్ముకున్న సేద్యం. మా నాయన నన్ను గనుల చదువుకు ధన్‌బాద్ పంపినప్పుడు ఊళ్లో వింతగా చెప్పుకున్నారు. చదువయ్యాక ఉత్తరాదిన బొగ్గు గనుల్లో కొన్నేళ్లు పనిచేసి, మేనేజరు సర్టిఫికెట్ సంపాదించుకుని సీమకు తిరిగొచ్చాను.

మా గని యజమాని కడప ఆయన. మాటకారి, దేనికైనా తెగించే మనిషి. ఆ ఏడు ఆయన సిలోనులో, అంటే ఇప్పటి శ్రీలంకలో, ఒక పాత గ్రాఫైట్ గనిలో వాటా కొన్నాడు. పెన్సిల్లో ఉండే నల్లటి పదార్థమే గ్రాఫైట్. పైనున్న సరుకంతా పాతవాళ్లు ఎప్పుడో తవ్వుకుపోయారు. మిగిలింది కావాలంటే గనిని ఇంకా లోతుకు దింపాలి. ఆ పని తెలిసినవాణ్ని నేనే. నన్ను అక్కడికి పంపేస్తే ఇక్కడి గనికి దిక్కుండదు. ఆయన నన్ను పిలిచి చెప్పాడు.

"రెండూ నువ్వే చూడప్పా. ఇమానముండాది గదా. వారానికొకసారి పోయిరా."

అలా మొదలైంది నా ప్రయాణం. ఆదివారం సాయంత్రం ఎర్రగుంట్లలో మద్రాసు రైలెక్కేవాణ్ని. సోమవారం ఉదయం మీనంబాకంలో డకోటా విమానం. భోజనాల వేళకు కొలంబో. అక్కడి నుంచి కంపెనీ కారులో రబ్బరు తోటల మధ్యగా గనికి చేరేసరికి పొద్దు వాలేది. గురువారం వరకు అక్కడ పని. శుక్రవారం ఉదయాన బయలుదేరి మళ్లీ విమానం, మళ్లీ రైలు, శనివారం పొద్దున ఎర్రగుంట్ల. మా వైపు చాలామంది విమానాన్ని ఆకాశంలో తప్ప చూసి ఎరగరు. నేను స్టేషనులో దిగితే టీ అంగడి సాయిబు "ఏమప్పా, సముద్రం ఈ వారం యాడిదాకా ఉండాది?" అని నవ్వించేవాడు. మొదట్లో నాకూ గర్వంగానే ఉండేది. పొద్దున ఎండిన పెన్నను చూసిన కళ్లతోనే మర్నాడు కొబ్బరి తోపులు చూడటం ఎవరికి దొరుకుతుంది అనుకునేవాణ్ని.

గనిలోకి నిట్టనిలువుగా దిగే బావిని షాఫ్ట్ అంటారు. షాఫ్ట్ తవ్వడానికి మా యజమాని ఎర్రగుంట్ల చుట్టుపక్కల నుంచి బావులు తవ్వే ఎనిమిది మందిని తీసుకెళ్లాడు. వాళ్ల మేస్త్రి దేవదానం. నలభై దాటిన మనిషి, సన్నగా, పొడవుగా ఉండేవాడు. ఎప్పుడూ కాస్త దగ్గేవాడు. రాతి మీద సుత్తితో కొట్టి ఆ చప్పుడు వింటూ తల ఒక పక్కకు వంచే అలవాటు ఉండేది. ఆదివారాలు ఆ ఎనిమిది మందినీ కూర్చోబెట్టి తెలుగులో ప్రార్థన చేయించేవాడట. నేను ఆదివారాలు అక్కడ ఉండేవాణ్ని కాదు కనుక ఎప్పుడూ చూడలేదు.

కూలీలకు నాలాగా తిరిగే వీలు లేదు. సిలోనులో వలసల చట్టాలు బిగిసిన రోజులవి. పర్మిట్ మీద వచ్చినవాడు గడువు లోపల ఇంటికి పోతే తిరిగి రానిచ్చేవారు కాదు. వాళ్లలో చదువుకున్నవాళ్లు లేరు. అందువల్ల వాళ్లకూ, ఇళ్లకూ మధ్య తిరిగే మనిషిని నేనొక్కణ్నే అయ్యాను. శనివారం పొద్దున రైలు దిగేసరికి ఎనిమిది ఇళ్ల ఆడవాళ్లు ప్లాట్‌ఫారం మీద వేపచెట్టు కింద కూర్చుని ఉండేవారు. ఒక్కొక్కరికీ వాళ్ల మనిషి చెప్పిన మాట చెప్పేవాణ్ని. వాళ్లు చెప్పింది మనసులో పెట్టుకుని పోయేవాణ్ని. ఎండు జొన్నరొట్టెలు, చెనిక్కాయ పొడి, చింతకాయ తొక్కు మూటలు కట్టి ఇచ్చేవారు. విమానంలో సామాను తూకం వేస్తారు కాబట్టి నా బట్టలు తగ్గించుకుని ఆ మూటలు సర్దేవాణ్ని. కొలంబోలో కస్టమ్స్ ఆయన తొక్కు జాడీ మూత తీసి, వాసన చూసి, మొహం పక్కకు తిప్పుకుని పంపేసేవాడు.

సిలోను గనిలో మొదటి రెండు నెలలు పని బాగా సాగింది. తర్వాత రాయి మారింది. షాఫ్ట్ అడుగు నుంచి పక్కకు తవ్వే సొరంగాన్ని డ్రైవ్ అంటారు. తూర్పు డ్రైవ్ ముందుకు పోయేకొద్దీ గోడలు చెమ్మగిల్లడం మొదలైంది.

"సామీ, మా పక్క నూరడుగులు తవ్వినా తడి కనపడదు. ఈడ గోడలే ఏడుస్తాండాయి," అన్నాడు దేవదానం.

వాళ్లు పుట్టి పెరిగిన నేలలో బావిలో నీళ్లు పడితే పండగ. తవ్వేవాడు పైకి కేక వేస్తాడు, ఊరంతా వచ్చి బావి చుట్టూ నిలబడుతుంది. ఆ బురద పిడికెడు తీసి కళ్లకద్దుకుంటారు. గనిలో అదే నీళ్లు ప్రాణం తీస్తాయని వాళ్లకు నేను మళ్లీ మళ్లీ చెప్పాల్సి వచ్చింది. పాతకాలం వాళ్లు తవ్వి వదిలేసిన సొరంగాలు ఆ కొండలో చాలా ఉన్నాయి. అవి ఎక్కడెక్కడ ఉన్నాయో ఎవరికీ తెలియదు. ఏళ్ల తరబడి వాన నీళ్లతో నిండి ఉంటాయి. వాటి గోడ పగిలితే చెరువు కట్ట తెగినట్టే. అందుకని మందు పెట్టి పేల్చే ముందు సన్నటి పొడవాటి బోరు వేసి, అవతల నీళ్లున్నాయో లేవో చూడాలి. దాన్ని అడ్వాన్స్ బోరు అంటారు.

ఒక గురువారం వేసిన బోరులోంచి నీళ్లు చిమ్మాయి. వాసన కొట్టే, పాతబడిన నీళ్లు. నేను బోరుకు బిరడా కొట్టించి, తూర్పు డ్రైవ్‌లో పని ఆపించాను. సోమవారం నేను వచ్చి, ఆ నీళ్లను కొంచెం కొంచెంగా తోడే ఏర్పాటు చేసేదాకా అక్కడ మందు పేల్చవద్దని అక్కడి మేనేజరు పెరీరాకు చెప్పాను. దేవదానానికి కూడా చెప్పాను. పెరీరా సింహళీయుడు, నా కంటే పెద్దవాడు, నెమ్మదస్తుడు. సరేనన్నాడు.

శుక్రవారం ఉదయం కారెక్కబోతూ దేవదానాన్ని అడిగాను, ఇంటికేం చెప్పమంటావని.

"బాగుండానని చెప్పండి సామీ. దగ్గు తగ్గిందని చెప్పండి. పెద్దోడు బడికి పోతాండాడో ఎగ్గొడతాండాడో కనుక్కోని రాండి."

శనివారం పొద్దున ఎర్రగుంట్లలో ఆయన భార్య రత్నమ్మకు ఆ మాట అలాగే చెప్పాను. రత్నమ్మ రాతి పనికి పోయే మనిషి, చేతులు గట్టిగా, మాట సూటిగా ఉండేది.

"దగ్గు నిజ్జంగా తగ్గిందా సామీ, నా కోసరం చెప్తాండారా?"

"నేను చూసే వచ్చినానమ్మా. తగ్గింది."

ఆమె నవ్వింది. "పెద్దోడు బడికి పోతాండాడని చెప్పండి. సిన్నదానికి పండ్లొస్తాండాయి, దొరికిందంతా కొరకతాండాదని చెప్పండి," అని నాకు మాట అప్పజెప్పింది. మూట రేపు తెస్తానంది.

ఆదివారం పొద్దున యజమాని కడప నుంచి జీపులో గనికి వచ్చాడు. చేతిలో తంతి, అంటే టెలిగ్రాం. తూర్పు డ్రైవ్ మునిగిపోయింది, ఆరుగురు బయటపడ్డారు, దేవదానం, ఆయన జట్టులోని పుల్లన్న లోపలే ఉన్నారు, వెంటనే రమ్మని పెరీరా కొట్టిన తంతి. ప్రమాదం జరిగింది శుక్రవారం మధ్యాహ్నం. నేను కొలంబోలో విమానమెక్కే వేళ. అంటే శనివారం నేను రత్నమ్మకు ఆయన బాగున్నాడని చెప్తున్నప్పటికి ఒక రాత్రి గడిచిపోయింది.

"ఇప్పుడే ఎవురికీ చెప్పొద్దప్పా," అన్నాడు యజమాని. "నువ్వు పోయి చూసి తంతి కొట్టు. అప్పుడు చెప్దాం. లేకపోతే ఈడ కూడా పని నిల్చిపోతాది."

సాయంత్రం స్టేషనుకు పోయే దారిలో దేవదానం వాళ్ల పల్లెలో ఆగాను. రత్నమ్మ అప్పటికే మూట కట్టి గడప దగ్గర పెట్టుకుని ఉంది. నాకు తెలిసినంత చెప్పాను. పుల్లన్న తల్లిని కూడా పిలిపించి చెప్పాను. ఆ ముసలామె అక్కడే కూలబడింది. రత్నమ్మ మాత్రం నన్నే చూస్తూ నిలబడింది.

"నిన్న బాగుండాడంటిరే సామీ."

"శుక్రవారం పొద్దున బాగుండాడమ్మా. తర్వాతది నాకు తెలీదు."

"నీళ్లలో ఉండాడా, రాళ్లకింద ఉండాడా?"

"పోయి చూస్తేగానీ చెప్పలేను."

"నన్ను తోడుకోని పోండి. ఆ ఇమానంలో ఒక పక్కన కూకుంటా."

పాస్‌పోర్టు గురించీ, పర్మిట్ గురించీ చెప్పబోయాను. కొంచెం విని, చాలన్నట్టు చెయ్యి అడ్డం పెట్టింది. నాతోపాటు స్టేషనుదాకా నడిచి వచ్చింది. రైలు కదులుతుంటే మూట కిటికీలోంచి నా ఒళ్లో పెట్టింది.

ఆ సోమవారం విమానంలో ఎలా కూర్చున్నానో నాకు గుర్తు లేదు. గని చేరేసరికి పంపులు నడుస్తున్నాయి. మూడు పంపులు తోడుతున్నా నీళ్లు జానెడు దిగితే గొప్పగా ఉంది. షాఫ్ట్ పక్కనుంచి లోపలికి ఒక ఇనుప పైపు పోతుంది. డ్రిల్లు యంత్రాలకు గాలి అందించే పైపు అది. పైన ఉన్న కంప్రెసర్ దాన్ని నింపుతుంది. ప్రమాదం జరిగినప్పటి నుంచి పెరీరా ఆ కంప్రెసర్‌ను ఒక్క నిమిషం కూడా ఆపనివ్వలేదు. ఆ మాట ఆయన గురించి ముందే చెప్పాలి. నేను వంగి పైపుకు చెవి ఆనించాను. లోపలి నుంచి ఎవరో ఇనుముతో కొడుతున్నారు. కొట్టి ఆగడం, మళ్లీ కొట్టడం. పైన ఉన్న మా ఆరుగురూ నా మొహం చూస్తున్నారు. లోపల ఇద్దరున్నారో ఒక్కరున్నారో ఆ చప్పుడును బట్టి చెప్పలేం.

మంగళవారం మధ్యాహ్నానికి నీళ్లు మెడదాకా దిగాయి. మేము తాళ్లు కట్టుకుని లోపలికి వెళ్లాం. డ్రైవ్ నుంచి పైకి ఏటవాలుగా తవ్విన చిన్న దారిని రెయిజ్ అంటారు. దాని పైకొసన, పైపు పగిలి గాలి బుసకొడుతున్న చోట, పుల్లన్న ముడుచుకుని కూర్చుని ఉన్నాడు. చేతిలో సుత్తి. దాన్ని వదిలించడానికి వేళ్లు ఒక్కొక్కటీ విప్పాల్సి వచ్చింది. బయటికి తెచ్చి కంబళ్లు కప్పి వేడినీళ్లు తాగించాక మాట వచ్చింది.

"దేవదానమన్న నన్ను పైకి దొబ్బినాడు సామీ. నాకు కాలు మడత పడినాది. ఎక్కు, ఎక్కు అంటా కిందినుంచి భుజం పెట్టినాడు. నేను ఎక్కి చెయ్యి ఇచ్చేలోపల ఇంకో తూరి నీళ్లొచ్చినాయి. అంతే."

"మందు ఎవరు పేల్చమన్నారు?" అని అడిగాను.

"పెరీరా దొరే. సామి వద్దన్యాడని దేవదానమన్న చెప్తే, సైగ చేసి, మందు తెచ్చి చేతికిచ్చినాడు."

బుధవారం దేవదానం శవం దొరికింది. డ్రైవ్ మలుపులో, కొయ్య దూలాల మధ్య చిక్కుకుని ఉంది. నేనే విడిపించాను. శవాన్ని విమానంలో పంపడానికి జింకు రేకు పెట్టె కావాలనీ, రకరకాల అనుమతులు రావాలనీ కొలంబోలో చెప్పారు. ఆ వానలో, ఆ ఉక్కలో అది కుదిరే పని కాలేదు. గురువారం గని దగ్గర్లో ఉన్న చర్చి తోటలో పూడ్చిపెట్టాం. పాదిరి ఇంగ్లీషులో ప్రార్థన చదివాడు. తర్వాత పుల్లన్న నిలబడలేక కూర్చునే తెలుగులో ఒక కీర్తన ఎత్తుకున్నాడు. తక్కినవాళ్లు అందుకున్నారు. వాన పడుతూనే ఉంది.

మిగిలిన ఏడుగురినీ యజమాని తంతి మీద తంతి కొట్టి వెంటనే ఓడలో ఇళ్లకు పంపించేశాడు. ఎందుకంత తొందరో నాకు తర్వాత తెలిసింది. వాళ్లు ఓడ దిగి, రైళ్లు మారి వచ్చేలోగా నేను శనివారం ఎర్రగుంట్లలో ఉన్నాను. వేపచెట్టు కింద ఆ రోజు రత్నమ్మ ఒక్కతే ఉంది. నేను పంపిన తంతి అందడంతో సంగతి ఆమెకు అప్పటికే తెలుసు.

"మొగం చూసినారా?"

"చూసినాను."

"చెడిపోయిందా?"

"లేదమ్మా. గుర్తుపట్టేటట్టే ఉంది."

జరిగిందంతా మొదటినుంచి చెప్పమంది. పుల్లన్నను పైకి నెట్టిన సంగతి, శవం దొరికిన చోటు, పూడ్చిన చోటు, అన్నీ చెప్పాను. అంతా అయ్యాక ఆమె కొంగుతో మొహం కప్పుకుంది. నేను పక్కన చాలాసేపు నిలబడి, చేసేదేమీ లేక గనికి వెళ్లిపోయాను.

సిలోనులో గనిలో ఎవరైనా పోతే మేజిస్ట్రేటు విచారణ జరుపుతాడు. ఆ విచారణ ముందు యజమాని నన్ను కడపకు పిలిపించాడు. మేస్త్రి తొందరపడి, ఎవరూ చెప్పకుండానే మందు పేల్చాడని పెరీరా చెప్పబోతున్నాడు. నేనూ అదే చెప్పాలి. కాదని చెప్పగల ఏడుగురినీ ముందే ఓడెక్కించి పంపేసింది అందుకే.

"చచ్చినోనికి జైలా, జరిమానానా? బతికుండేవాళ్లం మనమే గదప్పా ఇరుక్కునేది," అన్నాడు.

"ఆయన పెండ్లాం బతికే ఉంది. పిల్లలు బతికే ఉన్నారు. మా నాయన తప్పు చేసి చచ్చినాడని వాళ్లు జీవితమంతా అనుకోవాల్నా?"

"నువ్వు చెప్పకుంటే మానెయ్. పోవద్దు. ఈ వారం టికెట్ తియ్యను."

మేస్త్రిదే తప్పన్న మాట అప్పటికే పల్లెకు పాకింది. చెప్పిన మాట వినక నలుగురి మీదికి తెచ్చాడని దేవదానాన్ని తిట్టేవాళ్లు కూడా తయారయ్యారు. ఓడలో వచ్చిన ఏడుగురు కాదని చెప్పినా, తోటివాణ్ని వెనకేసుకొస్తున్నారని కొట్టిపారేశారు. ఆ ఆదివారం నేను ఎప్పటిలాగే మద్రాసు రైలెక్కాను. టికెట్ నేనే తీసుకున్నాను. ఉద్యోగం పోయినట్టేనని తెలుసు.

విచారణ చిన్న గదిలో జరిగింది. పెరీరా ముందు చెప్పాడు. నా వైపు చూడలేదు. తర్వాత మేజిస్ట్రేటు నన్ను అడిగాడు.

"పేలుడు జరిగినప్పుడు మీరు అక్కడ ఉన్నారా?"

"లేను. విమానాశ్రయంలో ఉన్నాను."

"మరి ఎవరు పేల్చమన్నారో మీకెలా తెలుసు?"

మందు నిలవ చేసే గదిని మ్యాగజైన్ అంటారు. దానికి రెండే తాళంచెవులు. ఒకటి మేనేజరు దగ్గర, ఒకటి నా దగ్గర. కూలీ ఎవడూ దాని గడప తొక్కకూడదు. ఆ మాట వివరించి, నా తాళంచెవి జేబులోంచి తీసి బల్ల మీద పెట్టాను.

"ఆ శుక్రవారం ఇది నాతోపాటు మద్రాసు పోయింది. మేస్త్రికి మందు చేతికి రావాలంటే రెండో తాళంచెవితోనే రావాలి."

మేజిస్ట్రేటు పెరీరా వైపు తిరిగి, గది ఎవరు తెరిచారని అడిగాడు. రెండోసారి అడిగితే "నేనే తెరిచాను" అన్నాడు. మేస్త్రి వద్దన్నాడా అని అడిగితే అవునని తల ఊపాడు.

బయట వరండాలో ఆయన నా దగ్గరికి వచ్చాడు. కోపం లేదు, అలసట ఉంది.

"మీరు శుక్రవారం వెళ్లిపోతారు," అన్నాడు. "ఆ పొద్దు కూడా మీ యజమాని దగ్గర్నుంచి రెండు తంతులు వచ్చాయి. పని ఎందుకాపావు, సరుకు ఏదీ అని. మీరు వద్దని చెప్పి వెళ్లారు. ఆయన కావాలని అడుగుతున్నాడు. ఇక్కడ మిగిలింది నేను."

ఆయన చేసింది క్షమించలేదు. కానీ ఆ మాటలో అబద్ధం లేదు.

మేజిస్ట్రేటు దేవదానం తప్పు లేదని తేల్చాడు. పెరీరా సర్టిఫికెట్ పోయింది. యజమానికి ఏమీ కాలేదు, సిలోను గని మాత్రం మూసేశాడు. నన్ను ఉద్యోగంలోంచి తీసేశాడు.

తిరిగి వచ్చి రత్నమ్మకు చెప్తే, తనకొక్కదానికి చెప్తే చాలదంది. ఆ ఆదివారం వాళ్ల చర్చిలో ఆరాధన అయ్యాక పాస్టరు నన్ను ముందుకు పిలిచాడు. చాపల మీద జనం కిక్కిరిసి కూర్చున్నారు. జరిగింది జరిగినట్టు చెప్పాను. ఒక పెద్దాయన లేచి, "అయితే మా దేవదానం మీద తప్పు లేదంటారా?" అని అడిగాడు.

"లేదు. వద్దని చెప్పినాడు. తర్వాత మనిషిని కాపాడి పోయినాడు."

ఆయన కూర్చుని కళ్లు తుడుచుకున్నాడు. పుల్లన్న కర్ర ఊతంతో వెనక నిలబడి ఉన్నాడు. చాలామంది తిరిగి వాడివైపు చూశారు.

బయటికి వచ్చాక రత్నమ్మ చిన్నదాన్ని చంకనెత్తుకుని నా దగ్గరికి వచ్చింది.

"ఇంక మీరు ఆ దేశం పోరా సామీ?"

"పోనమ్మా. ఆ గని మూసేసినారు."

"అయితే ఇంక ఆయన కాడికి పోయేవాళ్లు ఎవురూ లేరు," అంది.

ఆ తర్వాత ముప్పై ఏళ్లకు పైగా గనుల్లోనే పనిచేశాను. రెండు గనులు చూడమని అడిగినవాళ్లు చాలామంది ఉన్నారు. జీపులిస్తామన్నారు, టెలిఫోను పెడతామన్నారు. ఒప్పుకోలేదు. ఏదైనా పని ఆపమని చెప్పాల్సి వస్తే, చెప్పి వెళ్లిపోవడం మానేశాను. ఆ ప్రమాదం తీరేదాకా అక్కడే ఉండేవాణ్ని. నేను వద్దన్న మాటకు బలం నేను అక్కడ నిలబడి ఉన్నంతసేపే. నేను వెళ్లిపోయాక ఆ భారమంతా వెనక మిగిలినవాళ్ల మీద పడుతుంది. వాళ్లలో అందరికంటే కింద ఉన్నవాడు, వద్దని చెప్పి కూడా, లోపలికి దిగాల్సి వస్తుంది.